వంతులు వేసుకుని కూర్చున్నవాళ్లు

కాకినాడ లేడీస్ హాస్టల్లో మా గది రెండో అంతస్తు చివర ఉండేది. కిటికీ తీస్తే నీళ్ల ట్యాంకు, దాని పక్కనే బట్టలు ఆరేసుకునే డాబా. తొంభైల మొదట్లో ఎమ్బీబీఎస్‌లో చేరిన రోజున నేను ఆ గదిలో అడుగుపెట్టేసరికి, నాకంటే ముందే వచ్చిన అమ్మాయి ఒకతె ట్రంకు పెట్టె మీద కూర్చుని జడ అల్లుకుంటోంది. ఊరేదని అడిగితే ఉప్పాడ అంది. నాన్న వేటకి వెళ్లి సముద్రంలోంచి తిరిగి రాలేదనీ, అమ్మే చేపలమ్మి చదివించిందనీ, నేను సామాను సర్దుకోవడం పూర్తయ్యేలోపే చెప్పేసింది. నేను కోనసీమలో ఒక బడిపంతులుగారి కూతుర్ని. పండగ రోజుల్లో మా ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు. మా ఇద్దర్నీ ఒక గదిలో వేసినది రోల్ నంబర్ల వరస తప్ప మరేమీ కాదు.

ఆ అమ్మాయి ఇంటి నుంచి రేకు డబ్బాలో ఎండు రొయ్యల వేపుడు తెచ్చుకునేది. నాకు వాసన పడదని అన్నం కంచం, డబ్బా పట్టుకుని డాబా మీదికి పోయేది. ఒక వానాకాలం డాబా అంతా నీళ్లు నిలిచిపోతే గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూస్తోంది. "ఇక్కడే తినవే, ముక్కు మూసుకుంటాలే" అన్నాను. అప్పట్నుంచి ఆ డబ్బా నా అలమారలోనే ఉండేది. మా ఇంటి నుంచి వచ్చిన మాగాయ దాని అలమారలో ఉండేది.

ఆదివారం సాయంత్రాలు మెస్సుకి సెలవు. మెయిన్ రోడ్డులో పెసరట్టు ఉప్మా తిని, కాజాల పొట్లం కట్టించుకుని, నడుచుకుంటూ వచ్చేవాళ్లం. దారిపొడుగునా అది నరాల పేర్లు అడుగుతుంటే నేను చెప్పేదాన్ని. తప్పు చెబితే నా వాటా కాజా దానిది. ఎంత చదివినా ఇంకా చదవాల్సిందే ఉందన్న భయం అప్పుడూ ఉండేది. అయితే ఆ భయాన్ని ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మోసేవాళ్లం కాబట్టి బరువు తెలిసేది కాదు.

మేం సెకండియర్‌లో ఉండగా పక్క గదిలో ఒక సీనియర్ అక్క ఉండేది. నెమ్మదస్తురాలు. ఒక వారంలో ఆవిడ అనాటమీ చదవడానికి కొనుక్కున్న తన ఎముకల సెట్టు ఒక జూనియర్‌కీ, టేబుల్ ఫ్యాను నా రూమ్మేటుకీ ఇచ్చేసింది. ఎముకల సెట్టు సీనియర్లు జూనియర్లకి ఇచ్చి పోవడం మా హాస్టల్లో ఆనవాయితీ. ఫ్యాను ఎందుకిస్తోందో మాత్రం ఎవరమూ ఆలోచించలేదు. బయట ఇల్లు తీసుకుంటోందేమో అనుకున్నాం. కొద్ది రోజులకి ఆ అక్క ప్రాణం తీసుకుంది. గదికి తాళం వేశారు. వేసవి సెలవుల్లో సున్నం కొట్టించి కొత్త బ్యాచికి ఇచ్చారు. ఏమైందని అడిగిన మాకు వార్డెన్ గారు, వెళ్లి చదువుకోండమ్మా అని చెప్పారు. మేం చదువుకున్నాం. ఆవిడ పేరు హాస్టల్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నా రూమ్మేటు ఆ ఫ్యాను వాడలేదు. ఎండాకాలం కూడా దాన్ని మంచం కిందే ఉంచింది.

ఫైనలియర్‌లో సైకియాట్రీ పోస్టింగు ఉండేది. పేరుకి పోస్టింగే గాని, మా బ్యాచికి అది సినిమాలకి వెళ్లే వారం. ఆ విభాగం ఆస్పత్రి కారిడార్ చివర, మందుల స్టోరు దాటాక ఉండేది. అటు నడిచేవాళ్లని చూసి జనం గుసగుసలాడుకునేవాళ్లు. ప్రొఫెసర్ గారు నిడదవోలు మనిషి, సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కాతో ఉండేవారు. ఆయన క్లాసులో ఉన్న కొద్దిమందిలో మేమిద్దరం ఉన్నాం. నేను వెనక బెంచీలో సర్జరీ నోట్సు చదువుకుంటున్నాను. నా రూమ్మేటు మాత్రం విన్నది. చావాలనిపిస్తోందా అని మనిషిని సూటిగా అడగడానికి డాక్టర్లు కూడా జంకుతారనీ, అడిగితే లేని ఆలోచన కలుగుతుందని అనుకోవడం పొరపాటనీ, అడగకపోతే ఆ మనిషి ఆ ఆలోచనతో ఒంటరిగా ఉండిపోతాడనీ ఆయన చెప్పారట. ఇదంతా నాకు తరవాత అది చెబితేనే తెలిసింది.

హౌస్ సర్జన్సీలో మొదటి పోస్టింగు ప్రసూతి వార్డు. నాకు ఆ పని ఇష్టం. కాన్పు అయ్యాక బిడ్డని తుడిచి తల్లికి చూపించే ఆ క్షణం కోసం ఎన్ని డ్యూటీలైనా చేసేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం, నా వయసే ఉన్న ఒక పల్లెటూరి అమ్మాయి కాన్పు తరవాత రక్తస్రావంతో పోయింది. చెయ్యగలిగినదంతా పెద్ద డాక్టర్లు చేశారు. ఎవరి తప్పూ లేదు. బయటికొస్తే ఆ అమ్మాయి తల్లి నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. లోపల్నుంచి నన్ను ఇంకో కేసుకి పిలుస్తున్నారు. చెయ్యి విడిపించుకుని వెళ్లాను. ఆ సాయంత్రం ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. అలా మాట్లాడకుండా ఉండగలగడమే డాక్టరీ అని అందరం నమ్మేవాళ్లం.

ఆ ఒక్క చావు వల్లే నాకు జబ్బు చేసిందని చెబితే వినడానికి బాగానే ఉంటుంది గాని, నిజానికి అది ఎప్పుడు మొదలైందో నాకు తెలీదు. ముందు నిద్ర పోయింది. తరవాత ఆకలి పోయింది. రాసిన మందు మోతాదు సరిగ్గా రాశానో లేదో అని వార్డుకి తిరిగెళ్లి చూసేదాన్ని, హాస్టల్ దాకా వచ్చి మళ్లీ వెళ్లేదాన్ని. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న గొంతు వినగానే ఏడుపొచ్చేది. లైను సరిగ్గా లేదని చెప్పి పెట్టేసేదాన్ని. పీజీ ఎంట్రన్సు పుస్తకం తెరిస్తే ఎన్ని గంటలైనా అదే పేజీ ఎదురుగా ఉండేది. నేను డాక్టర్నని నమ్మి జనం నా చేతుల్లో ప్రాణాలు పెడుతున్నారనీ, అది మోసమనీ ఒక ఆలోచన పట్టుకుంది. కొన్నాళ్లకి, నేను లేకపోతే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదనే ఆలోచన వచ్చింది. భయపెట్టేలా రాలేదు. ఎండలో నడిచి నడిచి అరుగు మీద కూలబడినంత హాయిగా వచ్చింది. జబ్బు అలాగే మాట్లాడుతుందని ఇప్పుడు ఇలాంటి బాధ చెప్పుకోవడానికి నా దగ్గరికొచ్చే కుర్ర డాక్టర్లకి చెబుతుంటాను. అప్పట్లో అది నా సొంత ఆలోచనే అనుకున్నాను.

పొద్దున్నే స్నానం చేసి, తెల్లకోటు వేసుకుని, నవ్వుతూ డ్యూటీకి వెళ్లేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు. ఒకరోజు నా స్టెతస్కోపు ఫైనలియర్ అమ్మాయికి ఇచ్చేశాను. నాన్న హైదరాబాదు నుంచి ఎవరిచేతో తెప్పించినది అది.

ఆ మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. నా రూమ్మేటు పైకొచ్చింది. బకెట్లోంచి దుప్పటి రెండో కొస అందుకుంటూ, స్టెత్ ఏదే అని అడిగింది. ఇచ్చేశానన్నాను. ఎందుకంది. కొత్తది కొనుక్కుంటానన్నాను. అది దుప్పటి తీగ మీద వేసి, నా చేతిలో బట్ట తీసి బకెట్లో పడేసి, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒకటి అడుగుతాను, కోప్పడకు. నీకు చచ్చిపోవాలనిపిస్తుందా?"

కోపం వచ్చింది. నువ్వెవరివే నన్నడగడానికి అని అరిచాను. అది కదల్లేదు. నేను కిందికి వెళ్లబోతే పక్కకి జరగలేదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"అవునే."

చెప్పాక ట్యాంకు నీడన కూలబడ్డాను. అదీ నా పక్కన కూర్చుంది. ఛీ అనలేదు. మీ నాన్న మొహం గుర్తు తెచ్చుకో అనలేదు. ఎప్పట్నుంచి అని అడిగింది, ఎలా ఉంటోందని అడిగింది, నేను చెప్పినంతా వింది. నా మాటలు అయిపోయాక, "సరే. ఇప్పుడు మనిద్దరికీ తెలుసు" అంది.

ఆ మాట విన్నాక నాకు ఏమైందో సరిగ్గా చెప్పలేను. బాధ పోలేదు. కానీ చాలా రోజుల తరవాత గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

ప్రొఫెసర్ గారికి చెబుతానంటే కాళ్లావేళ్లా పడ్డాను. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లిందని తెలిస్తే నాకు సీటెవరిస్తారు, పెళ్లెవరు చేసుకుంటారు అన్నాను. "నీకు జాండీస్ వస్తే పరువు పోతుందని మెడిసిన్ వార్డుకి తీసుకెళ్లకుండా ఊరుకుంటానా ఏంటి?" అని నా చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. ఫ్యాను ఇచ్చినప్పుడు ఎందుకిస్తున్నావక్కా అని ఒక్క మాట అడగలేదే నేను, అని ఆటోలో కూర్చున్నాక అంది.

ఆదివారం కాబట్టి ప్రొఫెసర్ గారింటికే వెళ్లాం. ముందుగదిలో ఆయన పేపరు చదువుకుంటున్నారు. నన్ను ఒక్కదాన్నీ కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడారు. అడిగినవన్నీ మామూలు విషయాల్లాగే అడిగారు. చివర్న ఇది జబ్బనీ, తగ్గే జబ్బనీ, మాత్రలు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందనీ, అంతదాకా నేను ఒంటరిగా ఉండకూడదనీ, డ్యూటీ ఆపాలనీ, ఇంట్లోవాళ్లకి తెలియాలనీ చెప్పారు. డాక్టర్ని అయ్యుండి ఇలా అయిపోయానేంటండీ అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేనూ వేసుకున్నానమ్మా ఈ మాత్రలు. పీజీలో ఉండగా. మా మేనమామ రెక్క పట్టుకుని తీసుకెళ్లకపోతే ఇవాళ నీ ముందు కూర్చునేవాణ్ని కాదు" అన్నారు.

ఆయన భార్య కాఫీ తెచ్చారు. ఆ కాఫీ రుచి నాకు తెలియలేదు గాని, గ్లాసు వేడిగా చేతికి తగలడం మాత్రం ఇప్పటికీ జ్ఞాపకం. మాత్రలు నా చేతికివ్వలేదు, నా రూమ్మేటుకిచ్చి, ఏ రోజువి ఆ రోజు నువ్వే ఇవ్వమ్మా అన్నారు. నాన్నకి తానే ఫోన్ చేస్తానన్నారు. ఇంటికి వెళ్లడానికి నాకు మొహం చెల్లడం లేదంటే, మరి ఎక్కడుంటావని అడిగారు. మా ఇంట్లో ఉంటుందండి అని నా రూమ్మేటు గుమ్మంలోంచి చెప్పింది.

అలా నేను ఉప్పాడ వెళ్లాను. అది సెలవు పెట్టి నాతో వచ్చి, నాలుగు రోజులుండి డ్యూటీకి వెళ్లిపోయింది. తరవాత ప్రతి ఆదివారం వచ్చేది. మిగతా రోజులు నేనూ, వాళ్లమ్మా. వెళ్లిన పూటే వాళ్లమ్మతో అది ఏమీ దాచకుండా చెప్పింది. ఆవిడ నా మొహంలోకి చూసి, గాజులు జారిపోతున్న నా చెయ్యి చూసి, లోపలికెళ్లి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది. కూతురు నవ్వుకుంటూ నిలబడి, మిరపకాయలు పొయ్యిలో పడగానే నా నోట్లో మాత్ర వేసి నీళ్లిచ్చింది. రెండు వైద్యాలూ నాకు నచ్చాయి.

మర్నాడు ఆవిడ బజారుకెళ్లి కొత్త గిన్నె, కొత్త గరిటె, కొత్త కంచం కొని తెచ్చింది. నా కోసం వేరే పొయ్యి కూడా వేసింది. అవసరం లేదండీ అంటే వినలేదు. పంతులుగారి పిల్లవి, నా ఇంట్లో నీ నియమం చెడితే నాకు బాగోదమ్మా అంది. ఆవిడకి కూరగాయలు వండడం పెద్దగా రాదు. వంకాయ కూర అచ్చం చేపల పులుసు పద్ధతిలోనే చేసేది, చింతపండూ మెంతులూ వేసి. ఇప్పటికీ మా ఇంట్లో వంకాయ అలాగే వండుతాను.

తెల్లవారకముందే ఆవిడ రేవుకి పోయి చేపలు తెచ్చుకుని, బస్సులో కాకినాడ వెళ్లి అమ్ముకుని వచ్చేది. నేను వచ్చాక బేరం ఉప్పాడలోనే కానిచ్చుకుంది. లాభం తగ్గిందేమో, నాతో అనలేదు. ఆవిడ రేవుకెళ్లినంతసేపూ పక్కింటి అవ్వ వచ్చి గుమ్మంలో కూర్చునేది. ఎందుకు కూర్చునేదో నాకు తెలుసు, నాకు తెలుసని అవ్వకీ తెలుసు. ఎదురింట్లో చీరల మగ్గం చప్పుడు పొద్దస్తమానం వినిపించేది. ఇంటి వెనక కొంచెం నడిస్తే సముద్రం. వాళ్లమ్మ పెళ్లై వచ్చినప్పటి ఇల్లు, సముద్రం ముందుకొచ్చి, ఇప్పుడు నీళ్లలో ఉందని చెయ్యి చాపి చూపించేది. అక్కడ అలలే కనిపించేవి.

ఒక సాయంత్రం గోంగూర ఒలుస్తూ ఉన్నాం. నేను ఏడుస్తున్నాను, కారణమేమీ లేదు. ఆవిడ ఒలవడం ఆపలేదు. నా మొహం చూడకుండానే చెప్పింది.

"మా ఆయన రానప్పుడు నేనూ అలాగే ఉన్నానమ్మా. బిడ్డని కూడా చూడబుద్ధి కాలేదు. మా పేటలో ఆడోళ్లందరూ వంతులేసుకుని వచ్చి కూకున్నారు. ఏమీ మాటాడలేదు. వలలు తెచ్చుకుని ఇక్కడే బాగు చేసుకునేవోళ్లు. అలాగ ఎన్నాళ్లు కూకున్నారో."

తరవాత ఏమైందని అడిగాను. ఏమవుతుంది, ఒకనాడు ఆకలేసిందమ్మా అంది.

నాన్న నేను ఉప్పాడ వెళ్లిన వారంలోనే వచ్చాడు. ఇప్పటి వంతెన అప్పటికి లేదు. ఎదుర్లంకలో గోదావరి దాటించే పంటు ఎక్కి, యానాంలో దిగి, కాకినాడలో బస్సు మారి ఉప్పాడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా పక్కన మంచం మీద కూర్చుని, నా తల మీద చెయ్యేసి, కొంగొత్త చోటుకి వచ్చినవాడిలా ఇంటి దూలాలకేసి చూస్తూ ఉండిపోయాడు. భోజనానికి లేవండి పంతులుగారూ, మీకు వేరే గిన్నెలో వండానండి అని ఆవిడ దూరంగా నిలబడి అంది. నాన్న లేచి కాళ్లు కడుక్కుని వచ్చి, "నా కూతురికి అన్నం పెట్టిన చెయ్యమ్మా నీది. ఏ గిన్నెలో వండినా తింటాను" అని పీట మీద కూర్చున్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వడ్డించింది.

సాయంత్రం తిరిగి వెళ్లేముందు నన్ను బస్సు దాకా రమ్మన్నాడు. దారిలో ఆగాడు.

"నువ్వు డాక్టరువి కాకపోయినా నాకు ఫర్వాలేదని నీతో ఎప్పుడూ అనలేదు కదమ్మా. అనక్కర్లేదనుకున్నాను. ఇప్పుడంటున్నాను. నువ్వుంటే చాలు."

బస్సు కదిలాక ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, ఎండగా ఉంది లోపలికెళ్లు అన్నాడు. అప్పటికి ఎండ లేదు.

మాత్రలు పనిచేస్తున్న సంగతి నాకు తెలియకుండానే జరిగింది. ముందు నిద్ర వచ్చింది. ఒకరోజు వీధిలో ఇద్దరు ఆడవాళ్లు నీళ్ల కుళాయి దగ్గర పోట్లాడుకుంటూ తిట్టుకున్న తిట్లకి నవ్వొచ్చింది. పైకే నవ్వాను. వాళ్లు పోట్లాట ఆపి నాకేసి చూశారు. ఇంకోరోజు పొయ్యి మీది పప్పుచారు వాసనకి కడుపులో ఆకలి కదిలింది. అన్నం పెట్టమని నోరు తెరిచి అడిగాను. ఆవిడ పెట్టింది, మారు వడ్డించింది, తరవాత వీధిలోకి వెళ్లి అవ్వకి చెప్పింది.

డ్యూటీలో మళ్లీ చేరాక అంతా తేలిక కాలేదు. ప్రసూతి వార్డు గుమ్మం దాటాలంటే మొదట్లో ఒళ్లు చెమట పట్టేది. ప్రొఫెసర్ గారు మాట్లాడి కొన్నాళ్లు పగటి డ్యూటీలే వేయించారు. మందుల కోసం మొదట్లో ఆయనింటికే వెళ్లేదాన్ని. తరవాత ఒకరోజు ఓపీ చీటీ రాయించుకుని, కారిడార్ చివరి దాకా నడిచి, బల్ల మీద అందరితో పాటు కూర్చున్నాను. మా బ్యాచి వాళ్లు ఇద్దరు ముగ్గురు చూశారు. ఒకతను చూడనట్టు వెళ్లిపోయాడు. కొన్నాళ్లకి అతనే వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. అతని చీటీ వంతు వచ్చేదాకా నేను లేవలేదు.

ఆ తరవాత నాకూ నా రూమ్మేటుకీ పీజీ సీట్లొచ్చాయి, పెళ్లిళ్లయ్యాయి. నేను ప్రసూతి వైద్యమే తీసుకున్నాను, రాజమండ్రిలో స్థిరపడ్డాను. అది మత్తు డాక్టరై కాకినాడలోనే ఉంది. పెళ్లి మాటలప్పుడే నా జబ్బు సంగతి మా ఆయనకి చెప్పాను. మళ్లీ వస్తే ముందు ఎలా తెలుస్తుందని అడిగాడు. ఆ ప్రశ్న అడిగినందుకే ఒప్పుకున్నాను. ఒకసారి వచ్చింది కూడా. మొదటి కాన్పు తరవాత. నిద్ర తగ్గగానే ఆయనే గుర్తుపట్టి కాకినాడలో ప్రొఫెసర్ గారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ సారి తొందరగా తగ్గింది.

రెండువేలు దాటిన కొన్నేళ్లకి ప్రొఫెసర్ గారు రిటైరయ్యారు. సన్మాన సభకి పాత విద్యార్థులం చాలామంది వెళ్లాం. శాలువలూ, దండలూ, పొగడ్తలూ అయ్యాక ఆయన మైకు తీసుకున్నారు. కుర్రవాడిగా ఉన్నప్పుడు తనకి వచ్చిన జబ్బు గురించి, వేసుకున్న మాత్రల గురించి, నాకు ఆ రోజు ముందుగదిలో చెప్పినంత మామూలుగా చెప్పారు. ముందు వరసలో పెద్దవాళ్లు కొందరు నేలకేసి చూస్తున్నారు. ఆయన కూర్చున్నాక నేను లేచాను. లేస్తానని ఇంట్లో బయల్దేరేటప్పుడు అనుకోలేదు. మైకు దగ్గరికెళ్లి, నేనూ వేసుకున్నానండీ అన్నాను. డాబా మీద ఒక స్నేహితురాలు నన్ను అడిగిన ప్రశ్న చెప్పాను. అది మూడో వరసలో కూర్చుని, అందరూ తనవైపు తిరుగుతారేమోనని తల వంచుకుంది.

భోజనాల దగ్గర ఒక అమ్మాయి కంచం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. హౌస్ సర్జనట. గైనకాలజీ పీజీకి ఏ పుస్తకాలు చదవాలి మేడమ్ అని అడిగింది. చెప్పాను. థాంక్సండీ అంది, కానీ వెళ్లలేదు. కంచంలో పులిహోర ముట్టుకోనేలేదు.

"నిద్ర పడుతోందామ్మా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపింది. నా రూమ్మేటు అవతలి బల్ల దగ్గర్నుంచి చూసింది. చూసి, ఎవరినీ పిలవకుండా, గోడవారన ఉన్న కుర్చీలు మూడు లాక్కొచ్చి వేసింది. ముగ్గురం కూర్చున్నాం.